కాలవ గట్టు మీద యోయో

నేను సొంతంగా కనిపెట్టిన యోయో (దారంతో కిందకీ పైకీ ఆడించే చక్రం బొమ్మ) ట్రిక్ ఇవాళ అమలాపురంలో మా వీధి పిల్లలకి నేర్పించేశాను, భలే ఆనందంగా ఉంది. ట్రాపీజ్ అనే ట్రిక్‌లోలాగా యోయోని దారం మీదకి ఎక్కించి, ఎడమ చూపుడు వేలి మీదుగా ఇంకో మడత వేసి వదిలితే, ముడి పడిపోయిందనుకునేలోపే మొత్తం విడిపోతుంది. మన కోనసీమ ఉక్కకి వేళ్ళకి చెమట పట్టి దారం జారదు, అందుకే గాలి వచ్చే కాలవ గట్టు మీదే ప్రాక్టీసు.

1928లో కాలిఫోర్నియాలో యోయో కంపెనీ పెట్టిన పెడ్రో ఫ్లోరెస్ ఫిలిప్పీన్స్ మనిషి. ఆయన యోయోల్లోలాగా ఇరుసుకి దారం బిగించి కట్టకుండా ఉచ్చులా తగిలిస్తే యోయో కింద ఆగి తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరుగుడే లేకపోతే ఇన్ని ట్రిక్కులు ఎక్కడివి!

ఎవరికీ చెప్పకు, కాపీ కొడతారు అన్నారు కొందరు. కొట్టనివ్వండి! ఓ పాప అప్పుడే చివర్లో తన మెలిక కలిపేసింది, నాదానికంటే అదే బాగుంది. వీడియో పెడతాను, మీరూ మార్చి చూపించండి.