రొయ్యల మేత అంగడి లెక్కలు ఓపెన్ సోర్స్‌లోకి మార్చుకున్నాం: నా అనుభవం

ఇందుకూరుపేట దగ్గర మాకు రొయ్యల మేత అంగడి ఉంది. మేత, మినరల్స్, ప్రోబయోటిక్స్ (మేలుచేసే సూక్ష్మజీవుల మందులు), నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల సామాన్లు అమ్ముతాం. ఈ వ్యాపారం తెలియని వాళ్లకు ముందు ఒక సంగతి చెప్పాలి, ఇక్కడ రొక్కం మీద అమ్మకం తక్కువ. గుంటలో రొయ్య పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి (పెరిగిన రొయ్య పట్టడం) దాకా మూడు నాలుగు నెలలు మేత బస్తాలు అరువు మీదే పోతాయి, రొయ్య అమ్మాక లెక్క తేలుతుంది. రైతుకి ఒక ఖాతా తెరిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. మైపాడు వైపు ఒకే రైతు ఒక గుంట సొంతంగా చేస్తాడు, ఇంకోటి బామ్మర్దితో పొత్తు, మూడోది కౌలుకి తీసుకుని నలుగురు కలిసి చేస్తారు. పట్టుబడి అయ్యాక "ఆ పొత్తు గుంటకి ఎన్ని బస్తాలు పడినాయన్నా?" అని అడిగితే ఆ గుంట వరకే లెక్క తీసి చూపించాలి. లేకపోతే వాళ్లలో వాళ్లకి మాటలొస్తాయి, అవి తేలేదాకా మన డబ్బులూ రావు.

అంతకుముందు మేం వాడిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ అనవసరం. బిల్లు కొట్టడానికి బాగానే ఉండేది. గుంటల వారీ ఖాతాకి మాత్రం అందులో దారి లేదు. డీలర్‌ని అడిగితే కంపెనీ పెడితేనే వస్తుంది అన్నాడు, కంపెనీకి ఫోన్ చేస్తే మీ ఒక్కరి కోసం మార్చలేం అన్నారు. రెండో కంప్యూటర్‌లో పెట్టాలంటే ఇంకో లైసెన్స్ కొనాలి. ఒక ఏడాది రెన్యువల్ కాస్త ఆలస్యమైతే పాత బిల్లులు కూడా తెరుచుకోలేదు, ఆ రోజు పడిన టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. రైతులు మావాళ్లు, బాకీలు మావి, తాళంచెవి మాత్రం ఇంకెవరి దగ్గరో ఉన్నట్టయింది.

మా అక్క కొడుకు బీటెక్ చదివి, చెన్నైలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి నెల్లూరు వచ్చేశాడు. వాడే ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఓపెన్ సోర్స్ లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాడు. "మామా, లైసెన్స్ డబ్బులు కట్టక్కర్లా, కోడ్ మొత్తం మన చేతికే ఇస్తారు, మన లెక్కకి తగ్గట్టు మనమే మార్చుకోవచ్చు" అన్నాడు. ముంబైలో 2008లో మొదలైన ఫ్రాపే అనే కంపెనీ దీన్ని తయారుచేసింది. మొదలుపెట్టిన రుషభ్ మెహతా వాళ్లది ఫర్నిచర్ చేసే కుటుంబమట, సొంత వ్యాపారం లెక్కల కోసం తంటాలు పడే ఇందులోకి వచ్చాడు. షేర్ల బ్రోకింగ్ చేసే జెరోధా అంత పెద్ద కంపెనీ కూడా దీన్ని వాడుతుంది. అయినా నాకు అనుమానం పోలేదు. "ఊరికే ఇచ్చేది ఎన్నాళ్లుంటది రా? రేపు వాళ్లు మూసేస్తే మన గతేంది?" అని అడిగాను.

వాడు చెప్పిన జవాబు నాకు బాగా పట్టింది. మై ఎస్‌క్యూఎల్ అని సమాచారం దాచిపెట్టే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాని యజమాని సన్ కంపెనీని ఒరాకిల్ కొనబోతోందని తెలిసి, దాన్ని మొదట రాసినవాళ్లే 2009లో ఆ కోడ్ తీసుకుని మరియాడీబీ పేరుతో విడిగా నడిపించారు. లైసెన్స్ అందుకు ఒప్పుకుంటుంది కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. 2010లో ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఆఫీస్ నుంచి లిబ్రే ఆఫీస్ అలాగే వచ్చింది. ఈఆర్‌పీనెక్స్ట్ కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్స్ మీద ఉంది, అది నడిచేది కూడా ఆ మరియాడీబీ మీదే. అంటే రేపు కంపెనీ లేకపోయినా మన సర్వర్‌లో ఉన్నది మన దగ్గరే ఉంటుంది, పనిచేస్తూనే ఉంటుంది, తెలిసినవాళ్లెవరైనా దాన్ని బాగుచేయొచ్చు. ధర కంటే నాకు ఈ మాటే ముఖ్యమనిపించింది.

ధర గురించి కూడా దాపరికం లేకుండా చెప్తాను, సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ పని ఉచితం కాదు. సర్వర్ అద్దె నెలకు రెండు వేల లోపు అవుతుంది. అంగడిలోనే ఒక కంప్యూటర్‌ని సర్వర్‌గా పెట్టొచ్చు, కానీ మా సముద్రం ఒడ్డు మండలాల్లో గాలి గట్టిగా కొడితే కరెంటు పోతుంది, తుపాను టైంలో చెప్పనే అక్కర్లేదు, అందుకని బయట అద్దెకి తీసుకున్నాం. దాంట్లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాని మీద ఈఆర్‌పీనెక్స్ట్ ఎక్కించాడు మావాడు. బ్రౌజర్‌లో తాళం గుర్తు రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర ఉచితంగా వస్తుంది, గడువు తీరేలోపే తనంతట తానే రెన్యువల్ అయ్యేలా పెట్టేశాడు. వాడికి నేను జీతం లెక్కన డబ్బులిచ్చాను. మేనల్లుడు కదా అని ఊరికే చేయించుకుంటే ఆ పని మధ్యలో ఆగిపోతుందని నా అభిప్రాయం.

గుంటల పని మాత్రం అనుకున్నదానికంటే తేలిగ్గా అయింది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో అకౌంటింగ్ డైమెన్షన్ అని ఒక సౌకర్యం ఉంది. 'గుంట' అని ఒక కొత్త పట్టిక చేసి, దాన్ని డైమెన్షన్‌గా పెడితే చాలు, ప్రతి బిల్లులో గుంట ఎంచుకునే గడి వచ్చేస్తుంది. తర్వాత లెడ్జర్ తీసేటప్పుడు గుంట పేరు ఇస్తే ఆ గుంట వరకే మేత, మందులు, ఇచ్చిన డబ్బు, మిగిలిన బాకీ కనిపిస్తాయి. మేం ఆ పట్టికలో విస్తీర్ణం, పిల్ల వదిలిన తేదీ, భాగస్తుల పేర్లు కూడా పెట్టుకున్నాం. ఎన్నో ఏళ్లు అడిగినా దొరకని పని, ఇక్కడ ఎవరి అనుమతీ లేకుండా అయిపోయింది.

చిక్కంతా తెలుగు బిల్లు దగ్గర వచ్చింది. రైతుకి ఇచ్చే కాగితం మీద పేరు, సరుకు తెలుగులోనే ఉండాలని నా పట్టుదల. స్క్రీన్ మీద చక్కగా కనిపించేది, పీడీఎఫ్ తీస్తే అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు. కారణం ఏంటంటే, పీడీఎఫ్ తయారయ్యేది మన కంప్యూటర్‌లో కాదు, సర్వర్‌లో. అక్కడ తెలుగు ఫాంట్ ఒక్కటీ లేదు. నోటో తెలుగు ఫాంట్ ఎక్కించాక 'వెంకటేశ్వర్లు'లో ఒత్తులతో సహా సరిగ్గా వచ్చింది. ఆ ఫాంట్ కూడా ఓపెన్ లైసెన్స్ మీద ఉచితంగా ఇచ్చిందే. మొదటి తెలుగు బిల్లు అందుకున్న రైతు దాన్ని మడవకుండా తీసుకెళ్లి వాళ్లావిడ చేత చదివించాడట, లెక్క చూసేది ఆమే కాబట్టి.

జీఎస్టీ సంగతి. రొయ్యల మేత మీద పన్ను లేదు, ఏరేటర్ల లాంటి వాటి మీద ఉంది, కాబట్టి ఒకే బిల్లులో రెండు రకాలూ పడతాయి. ఈఆర్‌పీనెక్స్ట్‌కి ఇండియా కంప్లయన్స్ అనే యాప్ విడిగా వేసుకోవాలి, అదీ ఓపెన్ సోర్సే. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు, అంటే పన్ను కోసం సరుకుకి ఇచ్చే నంబర్లు, ఒకసారి సరిగ్గా పెట్టుకుంటే నెలాఖరు రిటర్న్‌లకి కావాల్సినవి అందులోంచే వస్తాయి. మా ఆడిటర్ గారు మొదట వద్దన్నారు, నెలాఖరు కాగితాలు చేతికొచ్చాక ఏమీ అనలేదు.

అసలు కష్టం కంప్యూటర్‌లో లేదు, పాత బాకీలు ఎక్కించడంలో ఉంది. ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్క మొదలుపెట్టాలని ముందే అనుకున్నాం, సంవత్సరం మధ్యలో మారిస్తే రెండు చోట్లా లెక్క చూసుకోవాల్సి వస్తుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో ముగ్గురేసి రైతులు ఉంటారు, అందుకని తండ్రి పేరు, ఫోన్ నంబర్ లేకుండా ఎవరి ఖాతా తెరవలేదు. ఒక్కొక్క రైతుని అంగడిలో కూర్చోబెట్టి, పాత పుస్తకం ముందు పెట్టి, "ఈ బాకీలో ఏ గుంటకి ఎంత?" అని అడిగి రాయించాం. కొందరు "ఇప్పుడెందుకు సామీ, పట్టుబడికి చూద్దాంలే" అన్నారు. వాళ్ల ఇళ్లకి మా గుమస్తా గారు వెళ్లారు. ఆయన నాన్న కాలం నుంచి ఉన్న మనిషి, ప్రతి గుంట గట్టూ ఆయనకి తెలుసు. ఆయన లేకుండా ఈ పని నాలుగింతలు పట్టేది. మావాడికి కోడ్ తెలుసు, ఆయనకి రైతులు తెలుసు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేశారు. మీరు మార్చుకోవాలనుకుంటే ఈ పనికి తొందరపడొద్దు, సర్వర్ కంటే దీనికే ఎక్కువ టైం పెట్టుకోండి.

ఇక వ్యాపారం పెరగడం గురించి. సాఫ్ట్‌వేర్ పెట్టగానే అమ్మకం పెరగదు, అది రైతు నమ్మకం మీద, మేత మీద ఆధారపడిన సంగతి. పెరగడానికి అడ్డంగా ఉన్నవి కొన్ని పోయాయి. బ్యాంకులో మాకు సీసీ లిమిట్ ఉంది, అంటే సరుకు, బాకీల పూచీ మీద ఇంత వరకు వాడుకోవచ్చని ఇచ్చే అప్పు, దానికి ప్రతి నెలా స్టాకు ఎంత, రావాల్సిన బాకీలు ఎన్ని రోజులవి అని స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇంతకుముందు అది అంచనాగా రాసేవాళ్లం, ఇప్పుడు ముప్పై, అరవై, తొంభై రోజుల వారీగా బాకీల రిపోర్టు తీసి ఇస్తాం. లిమిట్ పెంచమని అడిగినప్పుడు మేనేజర్ గారు ఆ కాగితాలే తిరగేశారు, పెంచారు. ఆ డబ్బుతోనే అల్లూరులో రెండో అంగడి పెట్టాం. అక్కడి గోడౌన్‌ని ఇంకో వేర్‌హౌస్‌గా చేర్చి, ఇద్దరు కుర్రాళ్లకి లాగిన్‌లు ఇచ్చాం. మనిషికింత అని కట్టాల్సింది ఏమీ లేదు. బిల్లు కొట్టగలరు, కొన్న ధర మాత్రం వాళ్లకి కనిపించదు, అదీ మనం పెట్టుకున్నదే.

ప్రోబయోటిక్స్‌కి బ్యాచ్, ఎక్స్‌పైరీ తేదీ నమోదు చేస్తాం కాబట్టి ఏ పెట్టె ముందు అమ్మాలో రిపోర్టులో తెలుస్తుంది. గడువు దాటి పారబోసిన సరుకు బాగా తగ్గింది.

2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకు మీద సుంకం యాభై శాతం చేసినప్పుడు మా దగ్గర రొయ్య ధర పడిపోయింది, రైతులు బాకీ కట్టలేకపోయారు. అప్పుడు అందరికీ అరువు ఆపేయడం తేలిక, కానీ గుంటలో రొయ్య బతికుండగా మేత ఆపితే రైతు మునిగిపోతాడు. ఏ గుంటలో పిల్ల ఎప్పుడు వదిలారు, పట్టుబడికి ఎన్ని రోజులుంది, దాని మీద మనది ఎంత ఉంది అని ఒక్కో గుంటా చూసుకుని మేత ఇచ్చాం. పాత లెక్కల పద్ధతిలో అయితే అట్టా చేయగలిగేవాళ్లం కాదు.

మావాడు ఈ పని చూపించే సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్నాడు, తనూ, తన స్నేహితుడూ. ఇప్పుడు బుచ్చిరెడ్డిపాలెం వైపు ఒక రైస్ మిల్లుకి, చీమకుర్తిలో ఒక గ్రానైట్ వ్యాపారికి ఇదే పెట్టిస్తున్నారు. ఒకరికి బస్తాలు, తూకం, ఇంకొకరికి పలకల కొలతలు, పని వేరు గానీ అడుగున ఉన్నది ఒకటే. లైసెన్సులు కొనడానికో డీలర్‌షిప్‌కో పెట్టుబడి పెట్టాల్సి వస్తే ఈ కుర్రాళ్లు మొదలుపెట్టేవాళ్లే కాదు.

గుంటల లెక్క కోసం మావాడు చేసిన యాప్‌ని, కోడ్ పంచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో అందరికీ పెడదామని వాడు అడిగినప్పుడు మాత్రం మా ఇద్దరికీ కాసేపు వాదన జరిగింది. సొంత సర్వర్‌లో వాడుకుంటున్నంత కాలం కోడ్ బయటపెట్టాలని జీపీఎల్ ఎక్కడా అడగదు, కాబట్టి పెట్టడమా మానడమా అన్నది మా ఇష్టమే. "ఎదురంగడి వాళ్లు కూడా వాడుకుంటారు కదరా" అన్నాను. "వాడుకుంటే తప్పులు వాళ్లూ చెప్తారు మామా, మనం వాడుకునేది కూడా ఎవరో అట్టా పెట్టిందే కదా" అన్నాడు. రైతుల పేర్లు, లెక్కలు ఏవీ అందులో లేవని రెండుసార్లు చూసుకున్నాక సరే అన్నాను. అది పెట్టాక కావలి వైపు చేపల చెరువుల మేత అమ్మే ఒకాయన వాడడం మొదలుపెట్టి, ఏడాది దాటి నడిచే పంటకి తేదీలు సరిగ్గా లెక్క కట్టడం లేదని చెప్పాడు. ఆ సవరణ మావాడు చేశాడు, ఇప్పుడు మా రెండు అంగళ్లలోనూ అదే నడుస్తోంది.