ఎస్ ముద్ర ఉన్న బఫెలో నికెల్: నాలుగో అంకె ఇంకా తేలలేదు

అమెరికా పాత ఐదు సెంట్ల నాణెం బఫెలో నికెల్ ఒకదాని మీద అరిగిపోయిన తేదీని తేల్చడానికి, నిన్న రాత్రి నాలుగోసారి ఫెర్రిక్ క్లోరైడ్ (లోహాన్ని తినే ఆమ్ల ద్రావణం) చుక్క వేసి, కడిగి, దీపం కింద పెట్టి చూసేసరికి అంతకు ముందు స్పష్టంగా ఉన్న '2' కూడా మసకబారడం మొదలయింది. అక్కడితో ఆపేశాను. రెండు వారాలుగా ఈ ఒక్క నాణెంతో కుస్తీ పడుతున్నాను కనుక ఆ క్షణం నాకు చాలా బాధ కలిగించింది.

తేదీ అరిగిపోయిన ఇరవై నాణేలు కలిపి కొన్న సంచిలో పద్దెనిమిదింటికి ఒక్క చుక్కతోనే తేదీ తేలింది. అన్నీ ఫిలడెల్ఫియా టంకశాలవి, తరచుగా దొరికే సంవత్సరాలవి. మరొకదాని బొరుసు వైపు బైసన్ (అడవిదున్నలాంటి అమెరికా జంతువు) గుట్ట మీద నిలబడి ఉంది కనుక అది 1913 నాటి తొలి రకమని తేదీ లేకపోయినా తెలిసిపోయింది. మిగిలినది ఇదే. 'ఫైవ్ సెంట్స్' అక్షరాల కింద చిన్న 'ఎస్' ఉంది, అంటే శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించినది.

జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ రూపకల్పన చేసిన ఈ నాణెం 1913 నుంచి 1938 వరకు వచ్చింది. తేదీని బొమ్మ వైపు ఉన్న అమెరికా ఆదివాసి భుజం మీద, ఎత్తుగా ఉండే చోట చెక్కడం వల్ల చేతులు మారిన కొద్దీ మొదట అరిగేది అదే. బొరుసు వైపు విలువ తెలిపే అక్షరాలకు ఇదే గతి పడుతుందని గ్రహించి 1913లోనే గుట్టను చదును చేసి ఆ అక్షరాలను లోతుకు దించారు, కానీ తేదీకి మాత్రం ఆ రక్షణ కల్పించలేదు. మార్పు చేయడానికి పూనుకున్నవారు రెండు వైపులా చేసి ఉండవలసిందని ప్రతి అరిగిన నికెల్‌ను చూసినప్పుడూ అనుకుంటాను.

ఇక నా వైఫల్యం. కొత్త నాణెం బరువు 5.00 గ్రాములు ఉండాలి, ఇది 4.68 తూగింది, అంటే ఆరు శాతానికి పైగా లోహం అరిగిపోయింది. మొదటి చుక్క ఎనిమిది సెకన్లు ఉంచితే '19' నీడలా కనిపించింది. రెండోసారి పదిహేను సెకన్లకు '2' తేలింది. మూడోసారి ఇరవై సెకన్లు ఉంచాక, దీపాన్ని దాదాపు బల్ల మట్టానికి వంచి పది రెట్ల భూతద్దంతో చూస్తే, చివరి అంకె ఉండవలసిన చోట అడుగున అర మిల్లీమీటరు వంపు ఒకటి కనిపించింది. అది 0 కావచ్చు, 6 కావచ్చు, 8 కావచ్చు. 1920-ఎస్ (అంటే 1920లో శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించినవి) 96,89,000, 1928-ఎస్ 69,36,000 ముద్రించారు. 1926-ఎస్ మాత్రం 9,70,000. బఫెలో నికెల్ వరుస మొత్తంలో పది లక్షలకు లోపు ఉన్నది అదొక్కటే. అందుకే నాలుగోసారి ముప్పై సెకన్లు ఉంచాను, అదే నా తప్పు. ముద్ర పడినప్పుడు అంకెల కింది లోహంలో కలిగిన మార్పు వల్లే ఆమ్లం అక్కడ వేరుగా పనిచేస్తుంది. ఆ పలుచని పొర తినేశాక తేలడానికి ఏమీ మిగలదు. పైగా ఆ మూల మీదుగా పాత గీత ఒకటి పోతోంది, ఆ కాలపు శాన్ ఫ్రాన్సిస్కో నాణేల మీద ముద్ర తరచుగా బలహీనంగా పడేది. చివరి అంకె మొదటి నుంచీ సరిగా పడలేదేమోనని నా అనుమానం.

నిక్-ఎ-డేట్ (తేదీ తేల్చడానికి అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం) సీసా ఒక్క చోటే పనిచేస్తుంది కనుక నాకు అదే ఇష్టం. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి నానబెడితే నాణెం మొత్తం నల్లబడుతుంది. అయితే ఇంత మొండి నాణేనికి ఆ నిదానపు పద్ధతే మేలయ్యేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఏ పద్ధతిలో తేదీ రప్పించినా సేకరణ విలువ బాగా పడిపోతుంది. నాణేలను పరిశీలించి స్థాయి నిర్ణయించే గ్రేడింగ్ సంస్థలు అలాంటిదాన్ని దెబ్బతిన్న నాణెంగానే లెక్కిస్తాయి. ఇది 1926-ఎస్ అని తేలినా సంవత్సరాల వారీగా నాణేలు అమర్చే నా డాన్స్కో ఆల్బమ్‌లో ఆ గడిని దీనితో నింపను. నాకు కావలసింది జవాబు మాత్రమే.

ఇక ఆమ్లం జోలికి పోకుండా బొరుసు వైపు నుంచి ప్రయత్నిస్తాను. ఆ రోజుల్లో టంకశాల గుర్తును ఒక్కో అచ్చు మీదా చేత్తో కొట్టేవారు, కనుక అచ్చు అచ్చుకీ 'ఎస్' కాస్త పక్కకో, వాలుగానో పడేది. 9,70,000 నాణేలకు వాడిన అచ్చులు కొద్దివే అయి ఉంటాయి. నా నాణెం మీద ఆ అక్షరం వాలును, పై అక్షరాల నుంచి దాని దూరాన్ని మైక్రోస్కోప్ ఫోటోలో కొలిచి, ధ్రువీకరించిన 1926-ఎస్ నాణేల ఫోటోలతో పోల్చాలి. ఈ ఆదివారం మొదటి ఆరు ఫోటోలతో మొదలు పెడతాను. సరిపోలితే 1920, 1928 నాణేల ఫోటోలతో కూడా పోల్చి చూస్తాను.