ఈసారి పెట్టుపోతల లెక్క

డిసెంబరు 27, శనివారం. విజయవాడ.

పొద్దున్నే కాఫీ దగ్గర మా ఆయన "చీటీ పాడేద్దామా?" అన్నారు. సంక్రాంతికి ఇద్దరు ఆడపడుచులు, వాళ్ల భర్తలు, పిల్లలు... అందరికీ బట్టలంటే జీతం చాలదని ఆయన టెన్షన్. చీటీ సగం కూడా నడవలేదు, ఇప్పుడు పాడితే పాటలోనే వేలు పోతాయి. పోనీ బయట తెద్దామంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. వినడానికి రెండే, ఏడాదికి 24 శాతం. వద్దంటే వద్దన్నాను.

మా ఇంట్లో పెట్టుపోతలకో నోటు పుస్తకం ఉంది, అత్తయ్య రాస్తారు. ఎవరు ఎంతలో చీర పెట్టారో, మనం ఎంతలో పెట్టామో అన్నీ అందులో ఉంటాయి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు రెండొందలు ఎక్కువ పెడతారు, మరుసటేడు అవతలివాళ్లు ఇంకాస్త పెంచుతారు. అందరికీ బరువే, కానీ ముందు నోరు విప్పి చిన్నబోవడం ఎవరికీ ఇష్టముండదు.

గుంటూరు వదినకు నేనే ఫోన్ చేశాను. "వదినా, ఈసారి పెద్దవాళ్లకు బట్టలు మానేద్దాం. పిల్లలకు మాత్రం పెట్టుకుందాం. మీరూ మాకేం తేవద్దు."

"అమ్మయ్య! మీ అన్నయ్యగారు క్రెడిట్ కార్డు గీకడానికి రెడీగా ఉన్నారు. సరేగానీ, అమ్మకు మాత్రం నువ్వే చెప్పు," అంది. తెలివైనది!

అత్తయ్య ఊరుకుంటారా? "ఆడపిల్లను పుట్టింటి నుంచి ఒట్టి చేతులతో పంపుతామా?" అన్నారు. ఆ మాటా నిజమే. చివరికి పసుపు కుంకుమ, జాకెట్ ముక్క, ఇంట్లో వండిన అరిసెల దగ్గర ఇద్దరం రాజీ పడ్డాం. నిజానికి ఈ జాకెట్ ముక్కలు ఎవరూ కుట్టించుకోరు, ఊరంతా తిరుగుతుంటాయి. నేను పెట్టిన ఆకుపచ్చ ముక్క శ్రావణమాసం పేరంటంలో మడత కూడా చెదరకుండా నాకే వచ్చింది.

మధ్యాహ్నం బట్టల హోల్‌సేల్ మార్కెట్ వస్త్రలతకు వెళ్లాను. పరుపు మీద కూర్చున్న కుర్రాడు కట్ట విప్పి, ముక్కల్ని పేకల్లా పరిచాడు. విడిగా కంటే కట్టగా తీసుకుంటేనే చవక. "పట్టు అంచుది చూడండక్కా, పది రూపాయలే తేడా," అన్నాడు. ఒక్కో ముక్కకు పది, కట్టకు ఎంతవుతుంది నాయనా! అక్కడి నుంచి బీసెంట్ రోడ్డు. పిల్లలకు తలా ఆరు వందలు అనుకుని కవర్లలో నోట్లు విడివిడిగా పెట్టుకెళ్లాను. ఫోన్‌తో కడితే ఎంత పోయిందో ఇంటికొచ్చేదాకా తెలీదు. తెనాలి మేనకోడలి గౌను ఒక్కటే అనుకున్నదానికి వంద దాటింది. దాని తమ్ముడి కవరు నుంచి సర్దాను, వాడికింకా రెండేళ్లు, అడగడు.

సాయంత్రం అమ్మ ఫోన్. చెల్లికి పెళ్లయ్యాక వచ్చే మొదటి సంక్రాంతి ఇదే, కొత్త అల్లుడికి ఉంగరం పెట్టాల్సిందేనని నాన్న పట్టుబట్టారట. బంగారం పది గ్రాములు లక్ష దాటి కూర్చుంది. "మరిదిగారు అడిగారా?" అంటే, "ఆయనెందుకు అడుగుతాడే, మనకు తెలియాలి గానీ," అంది అమ్మ. చెల్లితో ఒకసారి మాట్లాడి చూస్తానన్నాను. నాన్న మాత్రం అప్పటికే కంసాలికి ఫోన్ చేసేశారట.