బార్ కింద నిలబడే ముందు

ఇవాళ స్క్వాట్లు, అంటే బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ) భుజాల మీద పెట్టుకుని గుంజీల్లా కూర్చుని లేవడం, అదీ పొద్దున్నే. ఇలాంటి రోజు వార్మప్ కాస్త ఎక్కువే కావాలి. నిద్ర లేచేసరికి ఒంట్లో వేడి తక్కువగా ఉంటుంది. పైగా రాత్రంతా పడుకుని ఉండటంతో వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. ఆ స్థితిలో నడుము వంచి బరువెత్తితే వాటి మీద ఒత్తిడి మామూలుకన్నా ఎక్కువ పడుతుంది. లేచాక గంటసేపైనా అటూ ఇటూ తిరిగాకే బరువుల జోలికి వెళ్లాలి.

ముందు ఒళ్లు వేడెక్కాలి. 5 నిమిషాలు చురుగ్గా నడిచినా చాలు, సైకిల్ తొక్కినా చాలు. మాట్లాడగలగాలి గానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు, నుదుట సన్నగా చెమట పట్టాలి. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో కండరాలకు అందేది ఐదో వంతు దాకానే. కదలడం మొదలెట్టాకే ఆ వాటా పెరుగుతుంది.

చాలామంది ఇది వదిలేసి నేరుగా కాలు బెంచీ మీద పెట్టి లాగుతారు. చూస్తే బాధేస్తుంది. ఒక్కో కండరాన్ని నిమిషం దాటి అలా లాగి పట్టుకుంటే కాసేపు దాని బలమే తగ్గుతుంది. ఆ స్ట్రెచ్‌లు వ్యాయామం అయ్యాక చేసుకోవచ్చు. ఇప్పుడు కావాల్సింది కదలిక: గోడ పట్టుకుని కాలు ముందుకూ వెనక్కీ 10 ఊపులు, పక్కలకు 10, నడుస్తూ లంజ్‌లు (పెద్ద అడుగేసి రెండు మోకాళ్లూ వంచి కిందికి దిగడం) కాలికి 6. మొదటి ఊపుకే కాలు నడుమెత్తుకు విసిరితే తొడ వెనక పట్టేస్తుంది. చిన్నగా మొదలెట్టి పెంచాలి.

చీలమండను ఎవరూ పట్టించుకోరు. గోడకు నాలుగు వేళ్ల దూరంలో బొటనవేలు ఆనించి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకాలి, కాలికి 8 సార్లు. చీలమండ వంగకపోతే స్క్వాట్లో మడమ లేస్తుంది, లేదా ఛాతీ ముందుకు వాలి భారమంతా నడుం మీద పడుతుంది.

ఆ తర్వాతే బార్. అసలు సెట్ (ఆపకుండా వరుసగా చేసే స్క్వాట్లు) 60 కిలోలైతే, 20 కిలోల ఖాళీ బార్‌తో 10 సార్లు, 40తో 5, 50తో 3. అలసట రాకూడదు, ఒంటికి దారి తెలిస్తే చాలు. ఇదంతా చేసి ఫోన్ పట్టుకుని పావుగంట కూర్చుంటే వేడి దిగిపోతుంది. అప్పుడు మళ్లీ రెండు నిమిషాలు నడిచి, 40 కిలోల సెట్ ఇంకోటి చేశాకే 60కి వెళ్లాలి.