తలుపులు తెరుచుకోని చెరసాల నుంచి

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా మందిరంలో వాగ్దాన కార్డులు, అంటే కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కో బైబిల్ వచనం రాసిన కార్డులు ఇస్తారు. పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఇంటికొకటి తీసుకోవాలి. నాలుగేళ్ళ కిందట నా చేతికి వచ్చింది ఫిలిప్పీయులకు 4:13. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." అప్పటికే మా ఆయనకు కాళ్ళవాపులు, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరుగుతోందని డాక్టరుగారు చెప్పి ఉన్నారు. కార్డు చూడగానే నాకు ఏడుపొచ్చింది. కిడ్నీలు బాగుచేస్తానని ప్రభువు నాతో మాట ఇచ్చేశాడనుకున్నాను. ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మార్చిలో డయాలసిస్ మొదలైంది.

ఆ వచనం ఇప్పుడు బైకుల మీద, ఆటోల వెనక, పిల్లలు పరీక్షలకు పట్టుకెళ్ళే అట్టల మీద కూడా కనిపిస్తుంది. రాసుకోవద్దని నేను అనను. కానీ "సమస్తమును చేయగలను" అనే ముక్క ఒక్కటే పట్టుకుని, పైన ఉన్న రెండు వచనాలూ వదిలేస్తే ఫిలిప్పీయులకు ఈ ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలు చెప్పిందేమిటో మనకు అందదు. "దీనస్థితిలో ఉండ నెరుగుదును" అన్నాడు. కడుపు నిండి ఉండడమూ నేర్చుకున్నాను, ఆకలితో ఉండడమూ నేర్చుకున్నాను అన్నాడు. ఆ 'సమస్తము'లో ఆకలి కూడా ఉంది. గెలవడం ఒక్కటే ఉందనుకుని చదువుతున్నాం మనం.

ఇంకో సంగతి. ఈ ఉత్తరం ఎవరికి రాశాడు? ఫిలిప్పీ సంఘానికి. పౌలు, సీలలు బెత్తపు దెబ్బలు తిని, కాళ్ళు కదలకుండా బిగించే కొయ్య బొండ వేయించుకుని, మధ్యరాత్రి కీర్తనలు పాడిన ఊరు అదే. భూమి కంపించి, తలుపులన్నీ తెరుచుకుని, అందరి బంధకాలూ ఊడిపోయిన చెరసాల అక్కడిదే. ఆ రాత్రి చెరసాల నాయకుడు తన ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడు. ఈ ఉత్తరం చదువుతుంటే ఆయన కూడా ఆ సంఘంలో కూర్చుని విని ఉంటాడని నాకు అనిపిస్తుంది. మరి రాస్తున్నప్పుడు పౌలు ఎక్కడున్నాడు? మళ్ళీ బంధకాల్లోనే. ఈసారి భూకంపం రాలేదు. తలుపులు తెరుచుకోలేదు. బ్రతుకో చావో కూడా తేలలేదని మొదటి అధ్యాయంలోనే కనిపిస్తుంది. తలుపులు తెరిచే దేవుణ్ణి కళ్ళారా చూసినవాళ్ళకే, తలుపులు మూసి ఉన్న చోట నుంచి "సమస్తమును చేయగలను" అని రాశాడాయన. "మళ్ళీ భూకంపం రావాలని ప్రార్థించండి" అని ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. ఈ సంగతి నాకు తట్టిన రోజు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉన్నాను. బైబిల్ మూసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత నా మనసు 'బలపరచువాడు' అనే మాట మీద నిలబడిపోయింది. 'బలపరచినవాడు' అని లేదు. అలా ఉంటే ఒకసారి బలమిచ్చి వెళ్ళిపోయాడని అర్థం. 'బలపరచబోయేవాడు' అని కూడా లేదు. బలపరచువాడు! నిన్నా, ఇవాళా, రేపూ ఇస్తూనే ఉండేవాడు. ఈ ఒక్క మాట మీద నేను నాలుగేళ్ళు బతికాను. వారానికి మూడు రోజులు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద. తెల్లవారుజామున లేచి, మొదటి బస్సు పట్టుకుని గుంటూరు వెళ్ళాలి. తిరిగొచ్చాక ఆయనకు నిలబడే ఓపిక ఉండదు. మంచినీళ్ళు కొలిచి ఇవ్వాలి. మే నెల ఎండలో, "ఇంకొక్క గుక్క" అని ఆయన అడిగితే లేదని చెప్పాలి. ఇలా ఎన్నేళ్ళు అని లెక్క వేసుకుంటే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారం మన్నా; దాన్ని తెల్లారేదాకా దాచుకున్నవాళ్ళకు ఏమైంది? పురుగులు పట్టి కంపు కొట్టింది. వచ్చే ఏడాదికి కావలసిన బలం ఇవాళే చేతిలో పెట్టమని అడిగాను నేను. ప్రభువు అలా ఇవ్వలేదు. ఆ పూటకు సరిపడా ఇచ్చాడు. ఒక్క పూట కూడా తప్పిపోలేదు.

ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది గానీ చెప్పాలి. మొదటి ఏడాది ఒక విశ్వాసి మా ఇంటికొచ్చి, "మీ ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉందమ్మా, అందుకే స్వస్థత ఆగిపోయింది" అన్నారు. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు రోజులు మాట్లాడలేదు. అలా అనేవాళ్ళు రెండవ తిమోతి నాలుగో అధ్యాయం చదవాలి. "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని." రాసింది ఎవరు? ఎఫెసులో తన ఒంటికి తగిలిన చేతిగుడ్డలతోనే రోగులు బాగుపడిన పౌలు. ఆయనే తన తోటివాణ్ణి జబ్బుతో వదిలి రావలసి వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువైందా? తన శరీరంలో ముల్లులా బాధిస్తున్న బలహీనతను తీసేయమని మూడుసార్లు ప్రభువును వేడుకుంటే ఆయనకు వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును." దయచేసి రోగి మంచం పక్కన నిలబడి విశ్వాసం తూకం వేయకండి.

పదమూడో వచనం దగ్గరే ఆగిపోకుండా పద్నాలుగుకు కూడా రండి. "అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని." ప్రభువు బలపరుస్తున్నాడు కాబట్టి నాకు మీరెందుకు అని పౌలు అనలేదు. ఫిలిప్పీ నుంచి ఎపఫ్రొదితు అంత దూరం ప్రయాణం చేసి కానుక తెచ్చాడు, జబ్బుపడి చావు దాకా వెళ్ళాడు. చెరలో ఉన్న పౌలుకు దేవుని బలం ఆ మనిషి కాళ్ళతో నడిచి వచ్చింది.

మాకూ అలాగే వచ్చింది. మా స్త్రీల సమాజంలో ఒక అక్క ఉంది. కూలి పని చేసుకుంటుంది, వాక్యం చెప్పడం రాదు, అందరిముందూ ప్రార్థన చేయమంటే సిగ్గుపడుతుంది. మొదటి నెలలోనే వచ్చి, "అన్నయ్య ఏం తినొచ్చో, ఏం తినకూడదో చెప్పు చెల్లీ" అని అడిగి, పేపరు మీద తన కూతురితో రాయించుకుంది. అప్పటినుంచి ప్రతి శనివారం మేం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గడప దగ్గర క్యారేజీ ఉంటుంది. ఉప్పు లేకుండా, కూరగాయలు ఉడికించి నీళ్ళు వంపేసి చేసిన కూర. ఆయనకు వేరే, నాకు వేరే. నా గిన్నెలో ఉప్పూ కారమూ సరిగ్గా ఉంటాయి.

మీ సంఘంలో కూడా ఎవరో ఒకరు ఇప్పుడు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ ఉంటారు. ఆరాధనలో వెనక వరసలో కూర్చుని, ముగింపు ప్రార్థనకు ముందే వెళ్ళిపోతుంటారు. వాళ్ళకు ఈ వచనం ఫోన్లో పంపేముందు ఒకసారి ఇంటికి వెళ్ళండి. మంచం మీద ఉన్నవాళ్ళనే కాదు, వాళ్ళను చూసుకుంటున్న మనిషిని కూడా అడగండి, "నువ్వు తిన్నావా అమ్మా?" అని.