మూడోసారి కుట్టినప్పుడు

మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. రెండెకరాల మిర్చి, మిగతాది పత్తి. చేను గట్టున ఎండిపోయిన తుమ్మ మొద్దు ఒకటి ఉండేది. రోజూ దానికే ఒరిగి సద్ది తినేవాణ్ణి. దాని తొర్రల్లో చీమలున్నాయని తెలుసు. తల, పొట్ట నలుపు, నడుమ ఇటుక ఎరుపు, ఒక్కోటి సెంటీమీటరుకు పైనే ఉంటుంది. ఇవి బారులు కట్టవు, ఒంటరిగా తిరుగుతాయి.

మొదటిసారి కుట్టినప్పుడు చెయ్యి వాచింది, సున్నం రాసుకున్నాను. రెండోసారి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఒక గోలీతో తగ్గేసరికి మరిచిపోయాను. మరిచిపోవాల్సిన సంగతి కాదది.

మూడోసారి జనవరి చివర్లో. కూలీలు మిర్చి ఏరుతున్నారు. మొద్దు మీద ఆరేసిన తువ్వాల తీసి మెడకు చుట్టుకున్నాను. మెడ వెనక చురుక్కుమంది. తీసి చూస్తే, సగం నలిగిన చీమ ఇంకా పొట్ట వంచి నా వేలిలో ముల్లు దించుతూనే ఉంది.

మంట పెద్దగా లేదు. ఐదు నిమిషాలు కాకముందే అరచేతులు దురద పెట్టాయి, తర్వాత అరికాళ్లు, మాడు. కుట్టింది మెడ మీద, దురద అరికాళ్లలో! పెదాలు మొద్దుబారాయి, కడుపు మెలిపెట్టి వాంతయింది.

"ఏందయ్యా, నీ గొంతు గట్లొస్తుంది?" అంది నా భార్య. గొంతు లోపల వాస్తోందని అప్పటికి మాకు తెలియదు.

తమ్ముడు బండి మీద ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన చేతికి అలర్జీ సూది వేసి, అరగంట కూర్చోమన్నాడు. కోపం లేదని అబద్ధం చెప్పలేను. ఆ అరగంటలోనే నా ఊపిరి సన్నబడింది. పడుకున్నవాణ్ణి నీళ్లు తాగించడానికి లేపి కూర్చోబెట్టారు, కళ్లు చీకట్లు కమ్మాయి. ఆ తర్వాత గుర్తున్నది 108 మోత, మా అమ్మ "బిడ్డా, బిడ్డా" అని పిలవడం.

వరంగల్ ఆసుపత్రిలో పై బీపీ 70 ఉందట. నర్సమ్మ తొడ పక్క కండలోకి అడ్రినలిన్ ఇచ్చింది. కాసేపటికే గుండె దడదడా కొట్టుకుంది, చేతులు వణికాయి, గొంతులో ముడి విప్పినట్టు గాలి లోపలికి పోయింది. ఆ గాలి రుచి ఇప్పటికీ గుర్తుంది. పది నిమిషాలకు మరొక సూది, పక్కన సెలైన్. తగ్గినా కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చని రాత్రంతా ఉంచుకున్నారు.

తెల్లారి డాక్టరు ఏ చీమ అని గుచ్చి గుచ్చి అడిగారు. మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమ కొరికి పులుపు చిమ్ముతుంది, దానికి ముల్లు లేదు. మా మొద్దులోది ముల్లుతో విషం ఎక్కిస్తుంది. ఒకసారి ఒళ్లు దానికి అలర్జీ పెంచుకుంటే తర్వాత ఒక్క చీమైనా చాలట. నేను వేసుకునే బీపీ గోలీ అటెనొలాల్ అని తెలిసి దాన్ని కూడా మార్చారు, అది ఉంటే అడ్రినలిన్ సరిగా పనిచేయదట. అలర్జీ గోలీలు దురదకే కానీ గొంతు వాపుకు, పడిపోయిన బీపీకి చాలవని, ముందు తొడకు అడ్రినలిన్ పడాలని, కాళ్లు ఎత్తి పడుకోబెట్టాలని, ఊపిరాడకపోతేనే కూర్చోబెట్టాలని నా భార్యకు రెండుసార్లు చెప్పారు.

ఒంట్లో బలం వారంలో వచ్చింది, భయం మాత్రం పోలేదు. చక్కెర డబ్బాలో చీమ కనిపిస్తే అరచేతులు చూసుకునేవాణ్ణి. నిద్రలో లేచి గొంతు సవరించుకునేవాణ్ణి. తమ్ముడు మొద్దును పెకలించి కాలబెట్టాక, పందొమ్మిదో రోజున చేనుకు పోయాను.

డాక్టరు రాసిచ్చిన అడ్రినలిన్, సిరంజీ చిన్న డబ్బాలో ఉంటాయి. అర మిల్లీలీటరు ఎంతో నా భార్య నీళ్లతో వంకాయ మీద పొడిచి నేర్చుకుంది. మందు గడువు తేదీ క్యాలెండర్ మీద ఎర్రగా రాసి పెట్టింది. పొద్దున నేను బయలుదేరుతుంటే సద్ది గిన్నె అందించే ముందు అడుగుతుంది:

"డబ్బా పెట్టుకున్నవా?"