అల్లడం అయిపోయింది, స్వెట్టర్ కాలేదు

తమ్ముడి స్వెట్టర్‌కి రెండో చెయ్యి చివరి వరస పూర్తయిన రాత్రి "అయిపోయిందిరా" అని వాడికి మెసేజ్ పెట్టాను. వాడు నమ్మాడు. ఆ తర్వాత మూడు నెలలపాటు ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు, అన్నీ విడివిడిగా సంచిలోనే పడున్నాయి. అల్లడమంటే ఎంతసేపైనా అల్లుతాను. ముక్కలు అతకాలంటే మాత్రం బద్ధకం, కొంత భయం కూడా.

డిజైన్ ఏమీ లేదు, ఒళ్లంతా రిబ్, అంటే నిలువు గీతలుగా ఉండే సాగే అల్లిక. రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగ కుట్టు), మెడదాకా అదే వరస. నిట్ కుట్లు ముందుకు పొంగుతాయి, పర్ల్ కుట్లు వెనక్కి తగ్గుతాయి, దాంతో అల్లిక హార్మోనియం తిత్తిలా ముడుచుకుంటుంది. 4 మి.మీ. సూదుల మీద 118 కుట్లతో అల్లిన వెనక భాగాన్ని బల్ల మీద పరిస్తే వెడల్పు 36 సెంటీమీటర్లు. రెండు చేతులతో లాగితే 60 దాటింది. ఇందులో ఏది అసలు కొలత?

తడిపి ఆరబెడితేగానీ తేలదు. అంతకుముందే నమూనాగా అల్లిన చిన్న ముక్క మీద ఒక తెలివితక్కువ పని చేసి ఉన్నాను. బాగా సాగదీసి, పిన్నులు గుచ్చి, ఆవిరి ఇస్త్రీపెట్టెతో నొక్కాను. అట్టముక్కలా చదునైపోయింది, రిబ్‌లో ప్రాణం లేదు. అసలైన ఉన్ని కాబట్టి మళ్లీ నీళ్లలో నానబెడితే చాలావరకు కోలుకుంది. అదే యాక్రిలిక్ అయితే ఆ వేడికి శాశ్వతంగా జీవం పోయేది. అందుకని ఈసారి ఇస్త్రీపెట్టెను అల్మారాలోంచి బయటికే తియ్యలేదు.

గోరువెచ్చని నీళ్లలో ముక్కల్ని 20 నిమిషాలు నానబెట్టాను. రుద్దలేదు, పిండలేదు. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి, వేడి, రాపిడి రెండూ తోడైతే అవి ఒకదానికొకటి పట్టేసుకుని బట్ట దళసరిగా కుంచించుకుపోతుంది. తడిసిన ఉన్ని బరువుకి సాగుతుంది కూడా, అందుకే కింద రెండు చేతులూ పెట్టి పసిపిల్లని ఎత్తినట్టు పైకి తీశాను. తువ్వాలులో చుట్టి, దాని మీద నిలబడి తొక్కాను. తర్వాత పరిచి, చేత్తో సర్ది వదిలేశాను. రెండు రోజులకు ఆరింది. వెడల్పు 44 సెంటీమీటర్లు. నాకు కావాల్సింది అటూఇటూగా అదే.

భుజాలు ముందు కలిపాను. స్వెట్టర్ బరువంతా వేలాడేది అక్కడే కాబట్టి కొంచెం బిగువుగానే కుట్టాను. ఇక పక్కలు. 118 అన్న లెక్క ఊరికే వేసుకోలేదు. నాలుగుతో భాగిస్తే రెండు మిగలాలి. అప్పుడు ప్రతి ముక్కా రెండు నిట్లతో మొదలై రెండు నిట్లతోనే ముగుస్తుంది. అతికేటప్పుడు ఇటొక కుట్టు, అటొక కుట్టు మడత లోపలికి పోతే, పైన మిగిలిన రెండూ పక్కపక్కన చేరి మళ్లీ రెండు నిట్ల గీత అవుతుంది. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

ఈ కుట్టుని మ్యాట్రెస్ స్టిచ్ అంటారు. రెండు ముక్కల మంచివైపూ మనకేసే ఉంచి, అంచు కుట్టుకీ దాని పక్క కుట్టుకీ మధ్య ఉండే అడ్డపోగు కిందనుంచి సూది పోనివ్వాలి. ఇటొకసారి, అటొకసారి. కాసేపటిదాకా రెండిటి మధ్యా నిచ్చెన మెట్లే కనిపిస్తాయి. నాలుగైదు సెంటీమీటర్లు కుట్టాక దారం లాగితే మెట్లు మాయమై అంచులు కలిసిపోతాయి. అన్ని నెలలు దేనికి భయపడ్డానో అదే ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన పని. మరీ బిగలాగకూడదు, బిగిస్తే రిబ్ సాగినా అతుకు సాగదు.

చంకదాకా వచ్చేసరికి ముందు భాగం ఇంకా మిగిలి ఉంది. లెక్కపెడితే 6 వరసలు ఎక్కువ. టీవీ చూస్తూ అల్లిన ఫలితం! విప్పి అల్లే ఓపిక లేదు. అతుకు ఒక్కటే విప్పి, ఈసారి ముందు భాగంలో అక్కడక్కడా ఒక మెట్టుకి బదులు రెండేసి మెట్లు కలిపి పట్టుకుంటూ పోయాను. రిబ్ ఆ దొంగలెక్కని కడుపులో దాచుకుంది.

చేతులు అతకడానికి చెరొక సాయంత్రం పట్టింది. చేతి పై అంచుకి నడిమధ్యన గుర్తు పెట్టి భుజం అతుక్కి పిన్నుతో నిలబెట్టుకుంటే సగం పని అయినట్టే.

మెడ దగ్గర మాత్రం బాగా ఏడిపించింది. మెడ పట్టీ కోసం 3.5 మి.మీ. సూదితో అంచు చుట్టూ కొత్తగా 104 కుట్లు ఎత్తాను. ఏటవాలు అంచులో నాలుగు వరసలకి మూడు కుట్ల చొప్పున, అడ్డంగా మూసిన చోట, అంటే కుట్లు విడిపోకుండా అల్లిక ముగించిన చోట, ఒక్కో కుట్టుకి ఒక్కోటి. మూడు సెంటీమీటర్లు రిబ్ అల్లి, అలవాటుగా మామూలు పద్ధతిలో మూసేశాను. వాడు తల దూర్చాడు. చెవులదాకా దిగి ఆగిపోయింది.

"అక్కా, చెవులు ఊడిపోతాయే!"

పట్టీ ఎంత సాగినా మూసిన అంచు సాగకపోతే లాభం లేదు. విప్పి, 5 మి.మీ. సూదితో వదులుగా మూశాను. ఈసారి ముక్కుదాకా వచ్చింది. చివరికి అల్లికల డిజైనర్ జెనీ స్టైమన్ 2009లో పరిచయం చేసిన పద్ధతి పట్టుకున్నాను. ప్రతి కుట్టుకీ ముందు పోగుని సూదికి ఒక చుట్టు చుట్టి, ఆ చుట్టుని కుట్టు మీదుగా దాటించి, అప్పుడు మూయాలి. నిట్‌కి ఒక వైపునుంచి, పర్ల్‌కి ఇంకో వైపునుంచి చుట్టాలి. నెమ్మదైన పని, పైగా మొదట్లో ప్రతి పదో కుట్టుకీ చుట్టు మర్చిపోయాను. కానీ తల సుళువుగా దూరింది.

పోగుల కొసలు మొత్తం 23. ఎక్కువభాగం అతుకుల్లోకే దోపేశాను. మిగతావి లోపలివైపున నిట్ గీతల వెంట నిలువుగా. అడ్డంగా దోపితే రిబ్ సాగినప్పుడు కొసలు బయటికొస్తాయి.

చేతులు మూడు సెంటీమీటర్లు పొడుగయ్యాయి. సరిచేస్తానంటే వాడు వద్దని మణికట్టు దగ్గర మడత పెట్టుకున్నాడు. సాయంత్రందాకా ఒంటిమీదే ఉంచుకుని, తీశాక హ్యాంగర్‌కి తగిలించబోయాడు. మోకాళ్లదాకా సాగిపోతుందిరా అని లాక్కుని, మడతపెట్టి ఇచ్చాను.